వేట సరంజామాకు తుప్పు: గీకేముందు ఉప్పు సంగతి చూడాలి

విశాఖ చేపల రేవులో గానీ కాకినాడ జెట్టీ మీద గానీ కట్టి ఉన్న మరబోట్లను కాస్త నిదానంగా పరిశీలిస్తే ఒక వింత కనిపిస్తుంది. రోజంతా సముద్రంలో నానే ఇనుము కంటే, కాసేపు తడిసి కాసేపు ఆరే ఇనుమే ఎక్కువగా పెచ్చులూడి ఉంటుంది. రేవుల్లో పాతిన ఉక్కు స్తంభాల సంగతీ ఇంతే. నిత్యం మునిగి ఉండే భాగం ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు మందం కోల్పోతే, అలలు చిమ్మే భాగం అంతకు మూడు నాలుగు రెట్లు కోల్పోవడం మామూలు. నీరే తుప్పుకు కారణమైతే మునిగి ఉన్నదే ముందుగా తినిపోవాలి. అలా జరగడం లేదంటే, గాలాలు, గొలుసులు, షాకిళ్లు (గొలుసులను కలిపే, పిన్ను ఉన్న ఇనుప కొండీలు), వైరు తాళ్లు, రీళ్లు (గాలపు దారం చుట్టే చక్రాలు) పాడయ్యే అసలు సమయం అవి సముద్రంలో ఉన్నప్పుడు కాదని, వేట ముగించుకుని ఒడ్డుకు వచ్చాక మనం వాటిని ఒక మూల పడేసిన గంటల్లోనని అర్థం చేసుకోవాలి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే, తుప్పు వదిలించే చిట్కాల్లో ఏది పనికొస్తుందో, ఏది ఉన్న సామానును కూడా పాడుచేస్తుందో తేల్చుకోవడం సులువవుతుంది.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. సముద్రపు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ చాలా తక్కువ, లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. అదే నీరు ఇనుము మీద పలుచని పొరగా మిగిలితే గాలిలోని ఆక్సిజన్ ఆ పొరను దాటి ఎడతెరిపి లేకుండా లోహాన్ని చేరుతుంది. నీరు ఆవిరయ్యే కొద్దీ పొరలో ఉప్పు చిక్కబడుతుంది, విద్యుత్తు దాని గుండా మరింత తేలికగా ప్రవహిస్తుంది. తుప్పు పట్టడం నిజానికి ఒక చిన్న బ్యాటరీ నడవడం వంటి విద్యుద్రసాయన చర్య కాబట్టి, ఉప్పు కలిసిన పలుచని తడి పొర దానికి ఎంతో అనువైన చోటు.

ఈ చర్యను కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యు.ఆర్. ఎవాన్స్ గత శతాబ్దం తొలి సగంలో ఒకే ఒక్క ఉప్పునీటి చుక్కతో చూపించాడు. శుభ్రమైన ఉక్కు రేకు మీద చుక్క వేసి, ఇనుము కరిగే చోట నీలంగా, క్షారం పుట్టే చోట గులాబీ రంగుగా మారే రసాయనాన్ని అందులో కలిపితే, కాసేపటికి చుక్క నడిమి భాగం నీలంగా, అంచు గులాబీగా తేలుతుంది. అంచున గాలి దండిగా తగులుతుంది, నడుమ తగలదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న నడిమి భాగంలో ఇనుము కరిగి ఎలక్ట్రాన్లను వదులుతుంది, ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా అంచుకు చేరి అక్కడ ఆక్సిజన్‌తో, నీటితో కలుస్తాయి. నడుమ నుంచి వచ్చిన ఇనుము, అంచు నుంచి వచ్చిన క్షారం ఎదురుపడిన చోట గోధుమ రంగు వలయం పేరుకుంటుంది. అంటే మన కంటికి కనిపించే తుప్పు ఒకచోట, లోహం తినిపోతున్న గుంట మరొకచోట. షాకిల్ పిన్ను మర కింద, గొలుసు లంకెలు ఒకదానినొకటి ఒరుసుకునే చోట, గాలం కంటికి దారం ముడి బిగిసిన చోట, ఆరిన నాచు కింద గాలి ఆడదు కాబట్టి గుంటలు అక్కడే లోతుగా పడతాయి. పైన కనిపించే మరకను తోమేసి పని అయిపోయిందనుకోవడం వల్లే ఇలాంటి సందులు ఎవరి కంటా పడకుండా ముదిరిపోతాయి.

ఇక ఉప్పు సంగతి. వానాకాలంలో జాడీలోని కల్లుప్పు దానంతట అదే చెమ్మగిల్లడం ప్రతి ఇంట్లోనూ చూసేదే. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తడిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు నీరు ఆరగా మిగిలేది సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు, అందులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది 33 శాతం తేమకే చెమ్మగిల్లుతుంది. మన తీరంలో గాలిలో తేమ అంత తక్కువకు పడిపోవడం అరుదు. కాబట్టి సముద్రపు నీటిలో తడిసిన గాలం ఎండలో పొడిగా కనిపించినా, దాని మీది ఉప్పు పొర రాత్రయ్యేసరికి మళ్లీ తడి పట్టుకుంటుంది. ‘బాగా ఆరబెట్టే దాచాను, అయినా తుప్పు పట్టింది’ అని వాపోయేవారిలో చాలామంది ఆరబెట్టారు గానీ కడగలేదు.

తుప్పుకు ఇంకో దుర్గుణం ఉంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర లోహాన్ని అంటిపెట్టుకుని దాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు. అది తాను పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, ఉబ్బి, పెచ్చులుగా ఊడి, కింద కొత్త లోహాన్ని బయటపెడుతుంది. పైగా స్పాంజిలా తడినీ క్లోరైడ్‌నూ లోపల దాచుకుంటుంది. 1864లో అమెరికాలోని చార్లెస్టన్ తీరంలో మునిగిన హన్లీ అనే జలాంతర్గామిని 2000 సంవత్సరంలో వెలికి తీశారు. గాలి తగిలితే శిథిలమయ్యే ప్రమాదం ఉన్నందున దాన్ని తొట్టెలో నీటిలోనే ఉంచారు, 2014లో లోపలి క్లోరైడ్‌ను బయటికి లాగడానికి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టడం మొదలుపెట్టారు. మన లంగరుకు అంత వైభోగం అక్కర్లేదు. కానీ సూత్రం ఒకటే: లోపలి ఉప్పు పోనిదే పైన ఏ రంగు వేసినా, ఏ గ్రీజు పూసినా నిలవదు.

ఏది ఏ లోహం?

తుప్పు వదిలించే పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉన్న వస్తువు దేనితో చేసిందో తెలుసుకోవాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

మామూలు గాలాలు ఎక్కువ కార్బన్ ఉన్న గట్టి ఉక్కుతో చేసి, పైన తగరం, నికెల్ లేదా రంగు పూత వేసినవి. తగరం ఇనుము కంటే తక్కువ చురుకైన లోహం. పూత చెక్కుచెదరనంత కాలం కాపాడుతుంది, ఒక్క గీత పడితే మాత్రం ఆ గీతలో బయటపడ్డ ఇనుమే ముందుగా కరుగుతుంది, చుట్టూ ఉన్న తగరం ఆ కరగడాన్ని ఇంకా తొందరపెడుతుంది. గాలం మొనను ఆకురాయితో పదునుపెట్టినప్పుడు జరిగేది ఇదే. పదునుపెట్టిన గాలం ఒక్క రాత్రిలో మొన దగ్గర ఎర్రబడటం చూసి సరుకు నాసిరకమని దుకాణదారును తిట్టుకోవడం అన్యాయం.

గొలుసులకూ షాకిళ్లకూ వేసే జింకు పూత, అంటే జీఐ అని మనం పిలిచేది, దీనికి సరిగ్గా వ్యతిరేకం. జింకు ఇనుము కంటే చురుకైనది కాబట్టి గీత పడినా తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఈ ఉపాయాన్ని సముద్రంలో మొదట ప్రయోగించినవాడు ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. 1824లో బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున పరిచిన రాగి రేకులు తినిపోకుండా ఇనుప, జింకు ముక్కలు బిగించమని ఆయన సూచించాడు. రాగి తినిపోవడం ఆగింది. అయితే రాగి నుంచి విషం విడుదల కావడం కూడా ఆగిపోవడంతో ఓడ అడుగున నాచు, గవ్వపురుగులు విపరీతంగా పట్టి నౌకాదళం ఆ పద్ధతిని వదులుకోవలసి వచ్చింది. ఈనాడు ఉక్కు పడవల అడుగున, చుక్కాని దగ్గర బిగించే జింకు దిమ్మలు ఆ ఆలోచన వారసత్వమే. ఆ దిమ్మలకు రంగు వేసేవారు అక్కడక్కడా కనిపిస్తారు. రంగు వేస్తే జింకు కరగదు, కరగకపోతే అది చేసే పని ఏమీ ఉండదు.

స్టెయిన్‌లెస్ స్టీలుకు మచ్చ పడదన్న మాట సముద్రం దగ్గర సగమే నిజం. దానిలోని క్రోమియం కంటికి కనిపించని పొరను ఏర్పరిచి కాపాడుతుంది. వంటపాత్రలకు వాడే 304 రకంలో ఆ పొరను క్లోరైడ్ చీల్చగలదు. రెండు మూడు శాతం మాలిబ్డినం కలిపిన 316 రకం మెరుగు, కానీ అది కూడా గాలి ఆడని సందుల్లో ఓడిపోతుంది, ఎందుకంటే పొర తనను తాను అతుక్కోవడానికి ఆక్సిజన్ కావాలి. అందుకే స్టెయిన్‌లెస్ బోల్టు బయటికి తళతళలాడుతూనే రబ్బరు వాషరు కింద తినిపోయి ఉంటుంది. ఇక రీళ్లలోని అల్యూమినియం ఎర్రబడదు, తెల్లటి పొడిగా పొంగుతుంది. దారం చుట్టిన స్పూలు లోపలి వైపు, ఉప్పు తడి నిలిచే చోట, ఈ పొంగులు మొదలవుతాయి.

రెండు లోహాలను కలిపి బిగించేటప్పుడు ఏది ఎంత పెద్దదన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద స్టెయిన్‌లెస్ పలకకు చిన్న ఇనుప బోల్టు బిగిస్తే ఆ బోల్టు ఆయుష్షు నెలల్లో ముగుస్తుంది. పెద్ద ఇనుప పలకకు చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు బిగిస్తే అంత నష్టం ఉండదు.

వదిలించడం

పైపైన పట్టిన తుప్పుకు తీగ బ్రష్షు, గరుకు కాగితం చాలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఇనుప పీచుతో గానీ ఇనుప తీగ బ్రష్షుతో గానీ స్టెయిన్‌లెస్‌ను, అల్యూమినియాన్ని రుద్దితే సన్నని ఇనుప రేణువులు వాటి మీద గుచ్చుకుని ఉండిపోయి, మర్నాటికి అవే తుప్పు పడతాయి. నైలాన్ పీచు వాడాలి.

గుంటల్లోకి దిగిన తుప్పును ఆమ్లంతో కరిగించాలి. చింతపండు గుజ్జుతో ఇత్తడి తోమే ఇళ్లలో పుట్టినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండే వినిగర్ పనిచేస్తుంది గానీ నెమ్మది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, లీటరు నీటికి 50 గ్రాములు కలిపితే చవకగా, వాసన లేకుండా పని జరుగుతుంది. వస్తువును ముందు మంచినీటితో కడిగి, జిడ్డు సబ్బుతో వదిలించి, అప్పుడు నానబెట్టాలి, ఎందుకంటే జిడ్డు ఉన్న చోట ఆమ్లం అంటదు. గంటకోసారి బయటికి తీసి బ్రష్షుతో రుద్ది చూడాలి. తుప్పు పోయాక కూడా ద్రావణంలోనే వదిలేస్తే ఆమ్లం మంచి ఇనుమును తినడం మొదలుపెడుతుంది. తీసిన వెంటనే లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపిన నీటిలో ముంచి, ఆఖరుగా వేడినీటితో కడగాలి. వేడెక్కిన లోహం మీది తడి దానంతట అదే ఆవిరవుతుంది. అలా చేయకపోతే అప్పుడే బయటపడ్డ బూడిదరంగు ఇనుము మీద మన కళ్లముందే పలుచని నారింజ పొర పరుచుకుంటుంది. ఆరిన వెంటనే నూనె పూయాలి, మధ్యలో భోజనానికి వెళ్లి రావడం కూడా ఆలస్యమే.

ఇదే పద్ధతిని అన్నిటికీ వాడకూడదు. జింకు పూత ఉన్న గొలుసును వినిగర్‌లో వేస్తే వెంటనే బుడగలు లేవడం మొదలవుతుంది. కరుగుతున్నది తుప్పు కాదు, జింకు. తెల్లారేసరికి తుప్పుతో పాటు గొలుసు కవచమూ పోతుంది. గట్టి ఉక్కు గాలాలను గంటల తరబడి ఆమ్లంలో ఉంచితే ఆమ్లం, ఇనుము కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ లోహంలోకి ఇంకి దాన్ని పెళుసుబారుస్తుంది. చూడటానికి కొత్తదానిలా మెరిసే గాలం పెద్ద చేప గుంజినప్పుడు వంగకుండా పుటుక్కున విరుగుతుంది. తుప్పు ముదిరిన గాలం ధర, అది తప్పించే చేప ధర పోల్చి చూస్తే గాలాలను ఆమ్లంలో నానబెట్టడం నా దృష్టిలో దండగ పని.

మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో తుప్పు తీయడం చాలాచోట్ల కనిపిస్తుంది. క్షణాల్లో ఫలితం ఇస్తుంది కనుక దానికి అంత పేరు. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే వదిలించుకోవాలనుకుంటున్న క్లోరైడ్‌నే మళ్లీ ఇనుము గుంటల్లోకి పంపడం. దాని ఆవిరికి పక్కన షెడ్డులో ఉన్న పనిముట్లు కూడా ఎర్రబడతాయి. కూల్‌డ్రింకుతో తుప్పు వదులుతుందన్న మాట అబద్ధం కాదు, అందులో కొద్దిగా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. కానీ దాని వెంట వచ్చే చక్కెర జిగురును వదిలించడం ఇంకో పని.

లంగరు, పెద్ద గొలుసు, వించి (వల లాగే యంత్రం) భాగాల వంటి బరువైన ఇనుప సామానుకు విద్యుద్విశ్లేషణ చక్కగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ తొట్టెలో లీటరు నీటికి ఒక చెంచా చాకలి సోడా కలిపి, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు రుణ ధ్రువాన్ని తుప్పు వస్తువుకు, ధన ధ్రువాన్ని పాత ఇనుప ముక్కకు తగిలించాలి, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. మంచి ఇనుము కరగకుండానే తుప్పు వదులై ఊడిపోతుంది, పైగా క్షార ద్రావణంలో క్లోరైడ్ కూడా బయటికి వస్తుంది. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ ముక్క వాడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు పుడతాయి కాబట్టి అది ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఆరుబయటే చేయాలి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించరాదు. గాలాలకు, స్ప్రింగులకు, జింకు పూత సామానుకు, అల్యూమినియానికి ఈ పద్ధతి పనికిరాదు.

కరక్కాయ కషాయం గురించి కూడా చెప్పాలి. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లని సమ్మేళనం ఏర్పరుస్తుంది. పూర్వం సిరా తయారైంది ఈ చర్యతోనే, ఇప్పుడు సీసాల్లో అమ్మే తుప్పు మార్పిడి ద్రావణాల్లో కొన్ని పనిచేసేదీ ఇలాగే. పలుచని తుప్పు మీద పూస్తే అది నల్లటి గట్టి పొరగా మారి రంగు వేయడానికి ఆధారమవుతుంది. అయితే తుప్పులో దాగిన ఉప్పును అది తీయదు, కాబట్టి కడగకుండా పూస్తే ఆ నలుపు కిందనే పని మళ్లీ మొదలవుతుంది.

రాకుండా చూడటం

అన్నిటికంటే ముందు మంచినీరు. ఒడ్డుకు చేరిన గంటలోపు, ఉప్పు ఆరి గట్టిపడకముందే కడగాలి. తీర గ్రామాల్లో బోరు నీరు చాలాచోట్ల ఉప్పగానే ఉంటుంది, దానితో కడిగితే ఒక ఉప్పును తీసి మరో ఉప్పు పెట్టినట్టే. నోటిలో వేసుకుంటే ఉప్పగా తగిలే నీటిని మొదటి కడుగుడుకు వాడుకుని, ఆఖరి కడుగుడుకు కుళాయి నీరో వాన నీరో వాడాలి. షాకిళ్ల పిన్నులు విప్పి, గొలుసు లంకెలు కదుపుతూ కడగాలి. రీలు మీద పైపుతో బలంగా నీళ్లు కొడితే ఉప్పు లోపలి బేరింగుల్లోకి తోసుకుపోతుంది. డ్రాగ్ (దారం ఎంత బిగువుగా వదలాలో సరిచేసే మర) బిగించి, సన్నటి ధారతో కడిగి, తర్వాత డ్రాగ్ వదులుచేసి నీడలో ఆరబెట్టడం పద్ధతి.

ఆ తర్వాతే నూనె. డబ్ల్యూడీ-40 వంటి స్ప్రేలు 1953లో అమెరికాలో క్షిపణుల తొడుగు తుప్పు పట్టకుండా తడిని తరిమేయడానికి పుట్టినవి. తడిని తీస్తాయి గానీ అవి వదిలే పొర పలుచన, ఉప్పుగాలిలో ఎక్కువ కాలం నిలవదు. వాటి తర్వాత సముద్రపు వాడకానికి ఉద్దేశించిన గ్రీజు పూయాలి. కొబ్బరి నూనె కొన్నాళ్లకు జిగురెక్కి దుమ్ము పడుతుంది. ఇంజన్‌లోంచి తీసిన పాత ఆయిల్‌ను వైరు తాళ్లకు పూసే అలవాటు ఉంది. అందులో మసి, నీరు, ఆమ్లపు అవశేషాలు ఉంటాయి, రేవు నీటినీ పాడుచేస్తుంది.

రంగుల్లో రెడ్ ఆక్సైడ్‌ను తుప్పు మందుగా భావించడం కద్దు. నిజానికి ఆ ఎర్రపొడి కూడా ఇనుము ఆక్సైడే. అది గాలిని, నీటిని అడ్డుకునే తెరగా పనిచేస్తుంది తప్ప తుప్పును ఆపే గుణం దానికి స్వతహాగా లేదు. బయటపడ్డ ఉక్కుకు జింకు ఎక్కువగా ఉండే ప్రైమర్ మేలు. ఏ రంగైనా ఉప్పు మీద వేస్తే, కింద చిక్కిన ఉప్పు రంగు పొర గుండా నీటిని లాక్కుని బొబ్బలు లేపుతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు సామాను కదలదు, గాలిలో ఉక్కపోత. ఉప్పుతోనే వదిలేసిన సామానుకు ఏడాదిలో ఇంతకంటే చెడ్డ కాలం లేదు. వించి డ్రమ్ము మీద చుట్టి ఉన్న వైరును అలాగే వదిలి పైన టార్పాలిన్ కప్పడం సాధారణం. లోపలి చుట్లలోని తడి టార్పాలిన్ కింద ఆవిరిగా తిరుగుతూ ఉంటుంది. వైరును పూర్తిగా విప్పి, కడిగి, ఆరాక వేడిచేసి పలుచబరచిన గ్రీజు నడిమి తాడు దాకా ఇంకేలా పూసి, గాలి ఆడేలా కప్పాలి. గాలాల పెట్టెలో స్పాంజి పరుపు ఉంటే తీసేయాలి, అది తడిని దాచుకుంటుంది. వాడిన గాలాన్ని కొత్తవాటితో కలిపి పెట్టకూడదు.

ఎంత శ్రద్ధ తీసుకున్నా కొన్నిటిని పారేయవలసిందే. గొలుసు లంకె, షాకిల్ మందం పదో వంతు తగ్గితే మార్చాలన్నది వాడుకలో ఉన్న నియమం. పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ 12 మిల్లీమీటర్ల కడ్డీ 10.8కి తగ్గితే దాని అడ్డుకోత వైశాల్యం 19 శాతం పోయినట్టు, గుంటలు పడి ఉంటే బలం అంతకంటే ఎక్కువే పోతుంది. వైరు తాడును కొద్దిగా వంచినప్పుడు పోగుల మధ్య నుంచి ఎర్రటి పొడి రాలితే లోపలి తీగలు ఒరుసుకుని తినిపోతున్నాయని గుర్తు. పైన ఎంత గ్రీజు మెరుస్తున్నా ఆ తాడుతో వల లాగడం కళాసీల ప్రాణాలతో చెలగాటం. తుప్పు గాలం గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందన్న భయంలోనూ చిన్న సవరణ అవసరం. ఆ జబ్బుకు కారణం తుప్పు కాదు, మట్టిలో ఉండే సూక్ష్మజీవి. కొత్త గాలం గుచ్చుకున్నా టీకా సంగతి చూసుకోవాలి.

గాలాల విషయంలో మాత్రం తుప్పును పూర్తిగా ఓడించాలని కోరుకోకూడదు. దారం తెంపుకుపోయిన చేప నోటిలో, తాబేలు గొంతులో ఉండిపోయిన గాలం ఎప్పటికైనా తినిపోవాలంటే అది తుప్పు పట్టే లోహమై ఉండాలి. అమెరికాలో మెక్సికో సింధుశాఖలో సహజమైన ఎరతో చేసే రీఫ్ (సముద్రపు రాతి, పగడపు దిబ్బల) చేపల వేటకు స్టెయిన్‌లెస్ కాని గాలాలే వాడాలని 2008లో నిబంధన పెట్టింది ఈ కారణంతోనే. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే మన తీరంలో కూడా మామూలు ఉక్కు గాలాలను ఎంచుకుని, పెట్టెలో ఉన్నంత కాలం పొడిగా ఉంచుకుని, మొన దగ్గర గుంట కనిపించగానే వాటిని నీటిలోకి విసరకుండా ఒడ్డున డబ్బాలో వేసి తుక్కుకు పంపడం సరైన పద్ధతి.